వానాకాలం ఉప్పు

పాలెం,
అక్టోబరు 26

బావా,

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే రాస్తున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వుకో. ఫోన్లో నేను రెండు మాటలు అనేలోపు నువ్వు నాలుగు అంటావు. పైగా స్పీకరు పెట్టి వలలు సర్దుకుంటూ మాట్లాడతావు, బోటులో ఉన్న మిగతా ఏడుగురూ మన సంసారం వింటారు. కాగితమైతే మధ్యలో అడ్డుపడలేవు. బోటు వెరావల్ రేవుకి వచ్చినప్పుడు ఒక మూల కూర్చుని చివరిదాకా చదువు.

ఆగస్టులో నువ్వు గుజరాత్ బయల్దేరిన రోజు, బస్సు దగ్గర అందరి ముందూ ఏమన్నావో గుర్తుందా? "మా గౌరి డబ్బాతో ఆడుకుంతాది, నాను లేకపోనా దానికి పరవాలేదు" అన్నావు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఏడ్చాను. ఈ ఉత్తరం ఆ డబ్బా గురించే.

శ్రీకాకుళంలో కాలేజీ ల్యాబులో ఆరేళ్లుగా సామాన్లు తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను. బియస్సీ ఫిజిక్స్ చదివి అటెండరుగా ఉన్నాను, అదే గొప్పని పాలెంలో అందరూ అంటారు. ఆ ల్యాబులో నీళ్లలో ఉప్పెంతుందో కొలిచే మీటరు ఒకటుంది. పాడై మూడేళ్లయింది. కంపెనీ మనిషి తప్ప ఎవరూ విప్పకూడదని దాని మీద స్టిక్కరు అంటించి ఉంది. కంపెనీ మనిషి రాడు, స్టిక్కరు ఊడదు. నేను విప్పి చూస్తానంటే మేడం, "నీ పని తుడవడం వరకే" అంది. సరే, మీది మీరే ఉంచుకోండి, నాది నేనే చేసుకుంటాను అనుకున్నాను.

ఉప్పు ఎక్కువైన కొద్దీ నీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది. మీటరంటే ఆ పారేదాన్ని కొలవడమే. అయిపోయిన టార్చి సెల్లుల్లోంచి రెండు బొగ్గు కడ్డీలు తీశాను. వల బెండుకి రెండు కన్నాలు పెట్టి, నీ బోటుకి అతుకులేసే రెజిన్ పోసి వాటిని కదలకుండా బిగించాను. (అవును, డబ్బా సగమైందని నువ్వు నా తమ్ముణ్ణి తిట్టిన రెజిన్ అదే.) ఆర్డునో అనే చిన్న కంప్యూటరు బోర్డు, వేడి కొలిచే చిన్న తీగ, అంకెలు చూపే బిళ్ల. ఇవన్నీ పెట్టింది నీ పాత క్యారేజీ గిన్నెలో. సర్క్యూటు బొమ్మ, ప్రోగ్రాము ఎవరో నెట్‌లో పెట్టారు. వాళ్లది ఏ ఊరో, ఏ దేశమో నాకు తెలీదు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, కాకపోతే మార్చింది మళ్లీ అందరికీ కనబడేలా పెట్టాలి అని షరతు రాశారు. జీవితంలో నాకు ఎవరూ తాళం వేయకుండా ఇచ్చిన వస్తువు అదొక్కటే. నేను మార్చినవి కూడా అక్కడే పెట్టాను, నా పేరుతో, పాలెం పేరుతో.

ఇప్పుడు అసలు సంగతి. జూలై ఇరవైన మన మంచినీళ్ల బావిలో కొలిస్తే లీటరుకి 940 మిల్లీగ్రాములు చూపింది. ఆగస్టు మధ్యలో జగన్నాధం ఆ బావికి దగ్గర్లో తవ్వించిన తన కొత్త రొయ్యల చెరువులకి ఉప్పుటేటి నీళ్లు తోడించాడు. అప్పట్నుంచి రోజూ ఉదయం బస్సుకి ముందు బావిలో బెండు ముంచుతున్నాను. వానలు పడితే అంకె తగ్గాలి. పెరిగింది. నిన్న 2,280. రెండు వేలు దాటిన నీళ్లు తాగకూడదు. కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే ఊళ్లో, బావి పోతే మనకి ఏముంది?

ఆ నోటు పుస్తకం పట్టుకుని మండలాఫీసుకి వెళ్లాను. గుమస్తా ఫైలు తీసి, "ఆ చెరువుల మీద మీ పాలేనికి అభ్యంతరం లేదని రాసిచ్చినారు కదమ్మా" అని ఒక కాగితం చూపించాడు. యువజన సంఘం తరఫున సంతకం. నీది. కింద గీత కూడా గీశావు, పెళ్లి పుస్తకంలో గీసినట్టే.

కాగితం మీద జూన్ పదకొండో తారీఖు బావా. ఆ రోజు వల తాడు కొంటానని టెక్కలి వెళ్లావు. తాడు తేలేదు, నాకు గాజులు తెచ్చావు. నేనెంత మురిసిపోయానో! ఇప్పుడవి తీసి డబ్బాలో పెట్టాను.

చెరువుల మీద మోటార్లు చూసుకునే పని జగన్నాధం నీకిస్తానన్నాడని అత్త నిన్న చెప్పింది. ఎనిమిది నెలలు గుజరాత్ పోనక్కర్లేని పని. అది నాకు మాత్రం వద్దా? పెళ్లయి ఐదేళ్లు, అందులో నువ్వు ఇంట్లో ఉన్నది ఇరవై నెలలు. నాకు లెక్కలు బాగా వచ్చు కదా. కానీ నువ్వు ఇంటికొచ్చి ఏ నీళ్లు తాగుతావు?

వచ్చే ఆదివారం తుఫాను షెల్టరులో మీటింగు పెట్టాం. జగన్నాధాన్ని కూడా పిలిచాం. నీ పేరు చెప్పను. అంకె మాత్రం చెప్తాను.

పీకల దాకా కోపంతో, అయినా నీదే,
గౌరి


పాలెం,
నవంబరు 9

మాట దాటేసే మా బావకి,

ఉత్తరం అందాక ఫోను చేశావు, సంతోషం. "ఇప్పుడేటి గొడవే, వచ్చినాక మాటాడుకుందుం. ఆ డబ్బా అటకెక్కించీ" అన్నావు. సంతకం ఎందుకు పెట్టావని అడగ్గానే సిగ్నలు పోయింది. సముద్రం మీద సిగ్నలు భలే సమయానికి పోతుంది.

మీటింగులో నా పరువు పోయింది. నీకు వేరే ఎవరైనా చెప్పేలోపు నేనే చెప్తున్నాను.

షెల్టరు నిండా జనం. నేను లేచి 2,280 అన్నాను, రెండు వేలు దాటిందన్నాను. జగన్నాధం అరవలేదు, కోపగించుకోలేదు. అరిస్తే బాగుండేది. వెంట తెచ్చిన టెక్నీషియన్ని పిలిచి, తోలు పెట్టెలోంచి విదేశీ మీటరు తీయించాడు. అందరం బావి దగ్గరికి నడిచాం. ముంచారు. 1,930. నా బెండు పక్కనే ముంచాను. 2,270. మళ్లీ ముంచాను, అంతే.

"అమ్మా గౌరీ, లచ్చణంగా సదువుకున్న పిల్లవి. కేరేజీ గిన్నితో నీళ్లు కొలిసి మా మీదికొస్తే ఎలగమ్మా?" అన్నాడు. మనవాళ్లే నవ్వారు. చేపల గంపలు మోసే ఆడవాళ్లందరికీ పెద్ద కదా జగ్గమ్మ, ఆవిడ మొహం తిప్పుకుంది. నవ్వినవాళ్ల కంటే ఆవిడ మీదే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి వాళ్ల మీటరే తప్పని గంటసేపు తిట్టాను. అత్త పెరట్లో చేపలకి ఉప్పు పట్టిస్తోంది. నా గోల వింటూనే బస్తాలోంచి ఉప్పు తీసి వేస్తోంది, మళ్లీ తీసి వేస్తోంది. అంత ఉప్పెందుకత్తా అని విసుక్కున్నాను.

"వానాకాలం ఉప్పు కాదేటే ఇది! సగం నీళ్లే ఉంతాయి. రెండు గుప్పిళ్లు ఎక్కువెయ్యకపోతే సేప కుళ్లిపోదా? సదువెక్కువై ఇంట్లో పని మర్సిపోనావేటి?" అంది.

నేను అక్కడే నీళ్ల తొట్టి గట్టు మీద కూలబడ్డాను.

మీటరు చేశాక దానికి అంకెలు నేర్పాలి బావా. నీళ్లలో ఇంత ఉప్పు వేశాను, దీన్ని ఇంత అనుకో అని చెప్పాలి. దానికి ల్యాబులో సీసా ఉప్పు ఒక చెంచా అడిగితే మేడం ఇవ్వలేదు. పోనీలే, మన నౌపడ మడుల్లో పండిన ఉప్పు కంటే అసలైన ఉప్పు ఎక్కడుంటుందని పొగరుగా అనుకున్నాను. ఆ బస్తాలోంచే పది గ్రాములు తూచాను. జూలైలో, ముసురులో! ఉప్పు చేపల మధ్య పుట్టి, ఉప్పు చేపల ఇంటికి కోడలినై, ఏ ఆడదీ చేయని తప్పు చేశాను. పుస్తకంలో పది గ్రాములంటే పది గ్రాములే. అత్త చేతిలో మాత్రం వానకి ఒక లెక్క, ఎండకి ఒక లెక్క.

అదే బస్తాలోంచి పది గ్రాములు తీసి పెనం మీద వేయించాను. బరువు ఇంక తగ్గదన్నాక తూచితే ఎనిమిదిన్నర. శ్రీకాకుళం వెళ్లి శుద్ధమైన ఉప్పు సీసా కొనుక్కొచ్చి మళ్లీ సరిచూశాను. అదే మాట. నేను వేశాననుకున్నదానికంటే తక్కువ ఉప్పు వేసి మీటరుకి పాఠం చెప్పాను కాబట్టి, అది మొదటి రోజు నుంచీ ఎక్కువ చేసి చెప్తోంది. మీటింగులో నేను చెప్పిన 2,280 నిజానికి 1,938, బావి దగ్గర చూపిన 2,270 నిజానికి 1,930. జగన్నాధం మీటరు చెప్పిందే నిజం.

అప్పటికి ఈ సంగతి నాకు, అత్తకి తప్ప ఎవరికీ తెలీదు. అత్త అయితే, "ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ. ఆడి మీటరే పాడైపోనాదని సెప్పీ, ఎవులు సూడొచ్చినారు?" అంది. నిజం చెప్తున్నాను, ఒక పూటంతా అదే చేద్దామనుకున్నాను. జ్వరమని కాలేజీ మానేసి పడుకున్నాను.

పడుకుని లెక్క వేస్తుంటే తట్టింది. తప్పు అక్టోబరులో ఎంతో జూలైలోనూ అంతే కదా! అప్పటి 940 కూడా 940 కాదు, 799. అంటే జూలైలో 799 ఉన్న బావి అక్టోబరుకి 1,938 అయింది. ఎలా దిద్దినా రెండింతలు దాటిపోయింది, అదీ వానల్లో. జగన్నాధం మీటరు ఒక్క రోజు వచ్చి ఒక్క నిజం చెప్పి పెట్టెలోకి పోయింది. నాది మూడు నెలలకి పైగా ఒకే తప్పు చెప్పింది. ఒకే తప్పు కాబట్టి దిద్దుకోవచ్చు. మూత తీసి చూసుకోవచ్చు. వాళ్ల దాని మూత మీద కూడా మా ల్యాబు మీటరుకున్నట్టే విప్పకూడదని స్టిక్కరుంది, రేపు అది తప్పు చెప్తే ఎవరు పట్టుకుంటారు?

కాబట్టి దాచను. నెట్‌లో నా మీటరు పెట్టిన చోట తప్పు మొత్తం రాసి పెట్టేశాను. వానాకాలం ఉప్పు తడిగా ఉంటుంది, వేయించి తూచుకోండి, ఇది మా అత్త కూర్మమ్మ పట్టుకున్న తప్పు అని రాశాను. వచ్చే ఆదివారం పాలెంలోనూ చెప్తాను. మళ్లీ నవ్వితే నవ్వనీ. నా మీటరు, నా తప్పు, నేనే చెప్తాను.

నువ్వు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.

పది కాదు, ఎనిమిదిన్నర గ్రాముల
గౌరి


పాలెం,
నవంబరు 25

బావా,

చెప్పాను. అందరి ముందూ, మళ్లీ అదే షెల్టరులో, జగన్నాధం ముందే.

"పోయిన మీటింగులో రెండు వేలు దాటిందన్నాను, అది తప్పు. దాటలేదు" అని మొదలుపెట్టాను. జగన్నాధం తల ఊపాడు, నేను లొంగిపోతున్నాననుకున్నాడు. తర్వాత తడి ఉప్పు సంగతి చెప్పాను. చిత్రం, ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లందరికీ నా కంటే ముందే అర్థమైంది. జగ్గమ్మ, "ముసురు ఉప్పు తూసినావేటే పిచ్చిగుంటా!" అని గట్టిగా అరిచింది. అప్పుడు జూలై అంకె, ఆగస్టు అంకె, ఒక్కో వారం అంకె దిద్ది చదివాను. చివరిది చదవగానే జగ్గమ్మ లేచి నిలబడి అడిగింది. "రెండు వేలు దాటనేదు సరే. జూలైలో ఎనిమిదొందలున్నది ఇప్పుడు ఇంతైతే, సంకురాత్రికి ఎంతవుతాది జగన్నాధం బావూ? నీ పెట్టిలో మీటరు సెప్తాదా?"



మర్నాటి నుంచి బావి దగ్గర నేనొక్కదాన్నే కాదు. రోజుకో ఇల్లు వంతు వేసుకున్నాం. బెండు ఎలా ముంచాలో, ఎలా కడగాలో అందరికీ నేర్పాను. చదవడం రానివాళ్లు బిళ్ల మీద అంకె చూసి, ఉన్నది ఉన్నట్టు మనింటి గోడ మీద బొగ్గుతో గీస్తున్నారు. అత్త ఐదు తిరగేసి గీస్తుంది, మేం అర్థం చేసుకుంటాం. మొన్న శనివారం సరిచేసిన మీటరు 2,040 చూపింది. ఇప్పుడు నిజంగానే దాటింది. నేను చెప్పిందే జరిగిందని సంతోషించబోయి, మన బావే కదా అని ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే జగన్నాధం మనింటికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. జనవరి నుంచి నీకు మోటార్ల పని ఖాయమన్నాడు. నాకు కూడా చెరువుల దగ్గర ల్యాబులో పని, అటెండరుగా కాదు, నీళ్లు కొలిచే మనిషిగా. "నీ మీటరే తెచ్చుకోమ్మా, నాలుగు సెయ్యి, నాకు పనికొస్తాయి. బావి జోలికి మాత్రం రావొద్దు" అన్నాడు.

బావా, ఆరేళ్లలో నా చేతిపనిని పనికొస్తుందన్న మొదటి మనిషి ఆయనే. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యమేసింది, ఎందుకంటే ఒక్క క్షణం నాకు ఎంతో బాగుంది. నువ్వు ఇంట్లో, నేను కొలిచే పనిలో. కళ్ల ముందు కనబడింది కూడా. వద్దన్నాను. "మీ చెరువు నీళ్లు ఊరికే కొలిచి పెడతాను, బావి కొలవడం మాత్రం మానను" అన్నాను. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అంటే నీ పని పోయింది. వచ్చే ఏడూ నువ్వు గుజరాత్ పోవాలి. పోగొట్టింది నేను. తిట్టుకుంటే తిట్టుకో, క్షమించమని మాత్రం అడగను.

నిన్న సోమవారం, శ్రీకాకుళం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. అత్త, జగ్గమ్మ, ఇంకో పదిమంది ఆడవాళ్లతో బస్సులో వెళ్లాం. నోటు పుస్తకం, మీటరు, గోడ మీది గీతల ఫొటోలు బల్ల మీద పెట్టాం. ఆఫీసరు పాపం నవ్వలేదు. కడ్డీల మధ్య దూరం మారదా, నీళ్ల వేడికి అంకె మారదా అని సరైన ప్రశ్నలే వేశాడు. అన్నిటికీ చెప్పాను. చివరికి ఫైలు తిప్పి, "మీ పాలెం తరఫున అభ్యంతరం లేదని రాసిచ్చారు. ముందు ఆ రాసిచ్చిన మనిషి వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వాలి. అప్పుడు చెరువు ఆపి విచారణ వేయొచ్చు" అంటూ పేరు పైకి చదివాడు.

నీ పేరు చెప్పనన్నాను, చెప్పలేదు. ఆయన చదివాడు. అత్త నా పక్కనే నిలబడి వింది. బస్సులో వస్తున్నంతసేపూ ఒకటే మాట, "నా కొడుకు అమాయకుడే, సదవకుండా పెట్టుంతాడు. ఏటి రాసున్నాదో ఆడికి తెలీదు." జగ్గమ్మ వాళ్లూ అదే అనుకుంటున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నువ్వు చదవకుండా సంతకం పెట్టే మనిషివి కాదని నాకు తెలుసు.

ఇంక నీ ఇష్టం. రాసిస్తే రాసివ్వు. ఇవ్వకపోతే ఈ బావి నీళ్లు రోజూ కొలుస్తూ, రోజూ గోడ మీద రాస్తూ ఉంటాను. నువ్వు ఏప్రిల్లో వచ్చేసరికి గోడ నిండిపోతుంది. వచ్చి నీ ఇంటి గోడ నువ్వే చదువుకో.

జవాబు కోసం చూస్తూ,
గౌరి


వెరావల్,
డిసెంబరు 8

ఒసే గౌరీ,

నా రాత నీకు తెలుసు, నవ్వకు. తొమ్మిదో తరగతి మానేసినాక నాను ఇంత పొడుగు రాయడం ఇదే.

మూడు ఉత్తరాలూ సదివినాను. మూడోది రెండుసార్లు సదివినాను. పని పోనాదని కోపం వచ్చిన మాట నిజమే. తరవాత నాకే సిగ్గేసింది.

నీకు సెప్పవలసింది ఒకటున్నాది. అమ్మ అనుకుంతన్నట్టు నాను సదవకుండా సంతకం పెట్టనేదు. పూర్తిగా సదివినాను. బావి సంగతి నానే జగన్నాధాన్ని అడిగినాను. మూడు నాలుగేళ్లకి ఉప్పెక్కుతాదని ఆడే సెప్పినాడు. మూడేళ్లు సాలనుకున్నాను. మూడేళ్లు ఇంటి కాడుండి పని సేసుకుని, తరవాత నిన్నూ అమ్మనీ తీసుకుని శ్రీకాకుళం ఎలిపోదుమనుకున్నాను. పాలెంలో మిగిలినోళ్ల గురించి ఆలోసించనేదు. కాదు, ఆలోసించినాను. ఆలోసించే పెట్టినాను. మూడేళ్లన్నది మూడు నెలలకే వచ్చీసింది, అంతే తేడా. టెక్కలిలో గాజులు అందుకే కొన్నాను. నీ మొకం సూడనేక.

నువ్వు డబ్బాతో ఆడుకుంతావని బస్సు కాడ ఎందుకన్నానో తెలుసా? ఆ డబ్బా పనిసేస్తాదని నాకు భయం వేసింది. అందుకన్నాను.

ఈ ఉత్తరంతోటి ఇంకో కాయితం ఉన్నాది. నాను ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంతన్నానని రాసినాను. నా సంతకం కింద, ఇక్కడ బోట్ల మీద ఉన్న మన పాలెం మగోళ్లు పదకొండు మందీ పెట్టినారు. అది ఆఫీసరుకి ఇచ్చీ.

ఆ కాయితం ఒక్కటే సదివితే నాను అమాయకుడిలాగే మిగిలిపోతాను. అలగ వద్దు. నీ తప్పు నువ్వు అందరి ముందర సెప్పుకున్నావు. నాది సెప్పుకుందుకు నాను అక్కడ లేను. అందుకని ఈ ఆదివారం షెల్టరులో ఈ ఉత్తరం కూడా నువ్వే సదువు. మధ్యలో ఏటీ వదలకు. అమ్మకి కొంచెం సెవుడు కదా, దాన్ని ముందర కూకోబెట్టి, దానికి ఇనబడీలాగ గట్టిగా సదువు.

నీ బావ,
వినోద్